బుల్లి కారు.. బోలెడు గోల! గుమ్మఘట్ట బీళ్లలో ఒక పూట

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తిప్పితే వాచ్‌మన్ ఆపుతాడు. పార్కులో తిప్పితే వాకింగ్ అంకుల్స్ ఊరుకోరు. మరి మనిషే కనిపించని కరవు సీమ బీడులో తిప్పితే? అక్కడ అడ్డం చెప్పేవాళ్లు ఉంటారా? ఉంటారు. కాకపోతే వాళ్లు అడిగే ప్రశ్న వేరు.

రాయదుర్గంలో బస్సెక్కేవరకూ చెవుల నిండా చప్పుళ్లే. గార్మెంట్స్ యూనిట్లలో కుట్టుమిషన్లు, ఆటోల హారన్లు, బస్టాండు దగ్గర పండ్ల బండి మైకు. గుమ్మఘట్ట రోడ్డు పట్టాక అవన్నీ ఒక్కొక్కటే రాలిపోతాయి. రాళ్లగుట్టలు వెనక్కి జరుగుతాయి. రెండు పక్కలా ఎర్ర నేల, అక్కడక్కడా వేప చెట్టు, తుమ్మ కంప. బస్సు దిగి అది వెళ్లిపోయేదాకా ఆగితే, ఆ తర్వాత వినిపించేది గాలి ఒక్కటే.

అనంతపురం జిల్లాకు ఇది పడమటి అంచు. పక్కనే కర్ణాటక. ఇక్కడివాళ్ల మాటల్లో తెలుగూ కన్నడమూ కలిసే నడుస్తాయి. జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించేసుకుంటాయి. ఈశాన్యం మబ్బులు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి డీలా పడతాయి. మిగిలేది గాలే. అది మాత్రం పుష్కలం. అందుకే జిల్లాలో ఎటు తిరిగినా గాలిమరలు.

కరవు లెక్కలు చూసేవాళ్లకు ఇది బాధ కలిగించే దృశ్యం. కానీ రిమోట్ కార్ల పిచ్చి ఉన్నవాళ్ల కంటికి ఇదే నేల వేరేలా కనిపిస్తుంది. చదునుగా, గట్టిగా, పొడిగా, కనుచూపు మేర ఖాళీగా. “ఇంతకన్నా మంచి ట్రాక్ ఎక్కడ దొరుకుతుంది బ్రో?” అన్నాడు నాతో వచ్చిన ఫ్రెండ్. వాడి బ్యాగులో ఒక ఎలక్ట్రిక్ కారు, రెండు బ్యాటరీలు ఉన్నాయి. వాడి బాధ నాకు తెలుసు. ఏడాదిగా వాడు ఆ కారును తిప్పిందానికన్నా తుడిచి షెల్ఫులో పెట్టిందే ఎక్కువ.

బొమ్మే కదా.. ఎందుకంత గొడవ?

ఆర్‌సీ కారు అనగానే జాతరలో కొనే రిమోట్ బొమ్మ గుర్తొస్తుంది. అది వేరు, హాబీ కారు వేరు. హాబీ కారులో మోటార్, గేర్లు, షాక్ అబ్జార్బర్లు, డిఫరెన్షియల్ అన్నీ విడివిడిగా విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. బ్రష్‌లెస్ మోటార్ వేస్తే గంటకు 60 కిలోమీటర్లు దాటే బళ్లూ ఉన్నాయి. ఇంజినీరింగ్ కాలేజీల టెక్‌ఫెస్టుల్లో జరిగే ఆర్‌సీ రేసులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. థియరీ క్లాసులో నిద్రపోయిన సస్పెన్షన్ పాఠం, కారు బోల్తా కొట్టిన రోజు చక్కగా బుర్రకెక్కుతుంది.

ఈ పిచ్చికి వయసు కూడా ఎక్కువే. నికోలా టెస్లా రేడియోతో నడిచే పడవను న్యూయార్క్‌లో జనానికి చూపించింది 1898లో. కార్లు దుకాణాల్లోకి రావడానికి 1960లు పట్టింది. జపాన్ కంపెనీ టమియా తన మొదటి ఆర్‌సీ కారుగా పోర్షే 934ను 1976లో తెచ్చాక ఈ హాబీ ఇల్లిల్లూ చేరింది.

చప్పుడు విషయానికొస్తే వీటిలో రెండు రకాలు. ఒకటి ఎలక్ట్రిక్. పొగ ఉండదు, కానీ స్పీడు పెరిగేకొద్దీ మోటారు, గేర్లు కలిసి మిక్సీలా కీచుమంటాయి. రెండోది నైట్రో. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడిచే బుల్లి ఇంజిన్. దాని అరుపు ముందు మిక్సీ ఎంత! ఆ నూనెగా చాలాకాలం వాడింది మన ఆముదమే. అనంతపురం రైతులు వేరుశనగ చేలో సాళ్ల మధ్య వేసే ఆముదం మొక్క ఎక్కడో రేసు ట్రాకు మీద కమ్మటి పొగగా తేలుతుందంటే తమాషాగానే ఉంటుంది.

ఊళ్లో నంబరుంది.. చోటు లేదు

మన దేశంలో చప్పుడుకు లెక్క ఉంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వ్యాపార ప్రాంతంలో 65, 55. పరిశ్రమల దగ్గర 75, 70. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలమైతే 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ఈ హద్దుకన్నా 10 డెసిబెల్స్, అంతకు మించి మోత ఉంటే ఎవరైనా అధికారులకు ఫిర్యాదు చేయొచ్చు. చప్పుళ్ల బాధ లేకుండా బతకడం కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2005లో తేల్చి చెప్పింది.

బుల్లెట్ బండికి పటాకుల సైలెన్సర్ బిగించి తిరిగేవాళ్లకు మోటారు వాహనాల చట్టం ఉంది. మొదటిసారి దొరికితేనే 10,000 రూపాయల దాకా జరిమానా. డ్రోన్లకు 2021లో ప్రత్యేక నిబంధనలే వచ్చాయి. ఎక్కడ ఎగరేయొచ్చో, ఎక్కడ కూడదో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో మ్యాపు కూడా ఉంది. ఆర్‌సీ కారుకు మాత్రం అలాంటి రూల్‌బుక్కూ లేదు, మ్యాపూ లేదు. అది వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు తక్కువ పవర్ అయితే లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి కారు కొనడానికి పర్మిషన్ అక్కర్లేదు, నడపడానికీ అక్కర్లేదు. కానీ దించే చోటల్లా ఎవరో ఒకరు వద్దంటారు. ధర కూడా తక్కువేం కాదు. దిగుమతయ్యే బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70 శాతానికి పెరిగింది. బొమ్మల లెక్కలోకి వచ్చే కార్ల మీద ఆ భారం మనదే. అంత పెట్టి కొన్నది షెల్ఫులో కూర్చుంటే ఎవరికైనా కడుపు మండుతుంది.

అలాగని వద్దనేవాళ్లను విలన్లను చేయడమూ న్యాయం కాదు. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకున్నవాళ్లు ఉంటారు. పసిపిల్లల తల్లులు ఉంటారు. ఎదురుగా ఏదో దూసుకొస్తే తప్పుకోలేని ముసలివాళ్లు ఉంటారు. పైగా డెసిబెల్ లెక్క సగటు లెక్క. పది నిమిషాల కీచు శబ్దాన్ని మిగతా ప్రశాంతతతో కలిపి సగటు తీస్తే హద్దులోపే రావచ్చు. కానీ చెవి సగటు తీసుకోదు. ఫ్యాను చప్పుడు నిలకడగా ఉంటుంది కాబట్టి మర్చిపోతాం. ఆర్‌సీ కారు చప్పుడు అలా కాదు. లేస్తుంది, తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. చిరాకంతా ఆ ఎగుడుదిగుళ్లలోనే ఉంది.

మా ఫ్రెండ్ ఉండే అపార్ట్‌మెంట్‌లో ఇదే జరిగింది. ముందు “సాయంత్రం వద్దు” అన్నారు. తర్వాత “ఆదివారం వద్దు”. చివరికి “అసలే వద్దు” అని వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్. ఎంత చప్పుడు, ఎంతసేపు, ఎటువైపు అని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక్కడ చోటుంది.. నంబరు లేదు

ఆ నిబంధనల్లో ఒక తమాషా ఉంది. పట్టికలో ఉన్నవి నాలుగే గడులు. పరిశ్రమలు, వ్యాపారం, నివాసం, నిశ్శబ్ద మండలం. పొలానికి గడి లేదు. బీడుకు లేదు. మేత భూమికి లేదు. ఊరి ఇళ్లను వదిలి రెండు కిలోమీటర్లు బయటికి నడిస్తే ఆ పట్టిక చేతులెత్తేసినట్టే. మరి అక్కడి నిశ్శబ్దం ఎవరిది?

మేం రోడ్డు దిగి కొంచెం నడిచామో లేదో, జవాబు కంబళి భుజాన వేసుకుని వచ్చింది. గొర్రెల కాపరి. అరవై దాటి ఉంటాయి. ఆయన వెనక గొర్రెలు, గొర్రెల వెనక ఒక కుక్క. కారు ఇంకా బ్యాగులోనే ఉంది.

“ఏమప్పా, యా ఊరు మీది?”

“అనంతపురం తాతా. ఇక్కడ ఈ కారు తిప్పుకోవచ్చా అని..”

తాత బ్యాగులోకి తొంగి చూశాడు. “ఇది ఎగురుతాదా?”

“లేదు తాతా, నేల మీదే పోతుంది.”

“సప్పుడు చేస్తాదా?”

“చేస్తుంది. మిక్సీ మాదిరి.”

ఆయన నవ్వలేదు. “ఈడ నూరు జీవాలుండాయి. ఒగటి బెదిరిందంటే అన్నీ దాని ఎనకే. చూలి గొర్రె ఉరికితే కడుపు పోతాది. ఎంతసేపు తిప్పుతారు?”

ఎంతసేపు! ఏడాదిలో మా వాడిని ఈ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

“ఒక్కో బ్యాటరీకి పావుగంట తాతా. రెండున్నాయి.”

తాత చెయ్యెత్తి గాలి చూశాడు. “గాలి అట్లనుంచి వస్తాంది. నేను జీవాలను ఎదురుగాలికి తోలుకుని ఆ గుట్ట కాడికి పోతా. మీరు ఈ పక్కనే ఉండండి. గాలికి ఎదురుగా సప్పుడు రాదు. అరగంటైనాక ఆపెయ్యండి. నేను నీళ్లకు ఇట్లే రావాల.”

“డీజే పెడితే ఏం చేస్తారు తాతా?” అని మా వాడు ఆగలేక అడిగాడు.

“ఊరి జాతరకు పెడతారు కదప్పా. ఆ పొద్దు నేనే జీవాలను తోలుకుని దూరం పోతా. వాళ్లు ముందే సెప్తారు.”

ఆ చివరి మాటలోనే అసలు సంగతంతా ఉంది. జాతర డీజే మోత ఆర్‌సీ కారుకు వంద రెట్లు. అయినా దాంతో ఆయనకు పేచీ లేదు, ఎందుకంటే అది ఎప్పుడొస్తుందో తెలుసు. తెలియకుండా వచ్చే చిన్న చప్పుడే ఆయనకు నష్టం తెస్తుంది.

తాత చెప్పింది సైన్సే

గాలికి ఎదురుగా చప్పుడు రాదన్న మాటలో మూఢనమ్మకం ఏమీ లేదు. నేలకు దగ్గర గాలి మెల్లగా, పైన వేగంగా వీస్తుంది. ఈ తేడా వల్ల గాలి వాటున వెళ్లే శబ్దం నేలవైపు వంగుతుంది, దూరం పోతుంది. ఎదురుగాలిలో వెళ్లే శబ్దం పైకి వంగిపోతుంది. కింద ఉన్న చెవికి తగ్గిపోతుంది. సాయంత్రం పూట మరో మెలిక ఉంది. పొద్దు వాలాక ఇలాంటి పొడి నేల త్వరగా చల్లబడుతుంది. నేల దగ్గర చల్లటి గాలి, పైన వెచ్చటి గాలి. అప్పుడు శబ్దం మళ్లీ కిందికి వంగి ఎక్కడెక్కడికో వినిపిస్తుంది. పక్క ఊరి భజన రాత్రిపూట మన వాకిట్లోనే పాడినట్టు ఉండేది అందుకే.

దూరం లెక్క కూడా సులువే. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 80 డెసిబెల్స్ చేసే ఎలక్ట్రిక్ కారు అనుకుందాం. అది దాదాపు 18 మీటర్ల దగ్గర 55కు దిగుతుంది. మీటరు దూరంలో 100 చేసే నైట్రో అయితే 55కు దిగడానికి 178 మీటర్లు కావాలి. అపార్ట్‌మెంట్ల మధ్య అంత దూరం కలలో మాట. పైగా గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి.

మరి బీడులో? అక్కడ చుట్టూ ఉన్న చప్పుడే 30 డెసిబెల్స్ ఉందనుకోండి. నైట్రో మోత అందులో కలిసిపోవాలంటే కాగితం మీద లెక్క 3 కిలోమీటర్లు దాటుతుంది. నేల, గాలి కొంత మింగేస్తాయి కాబట్టి నిజంగా అంత ఉండకపోవచ్చు. అయినా విషయం అర్థమైంది కదా! ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటే మన చప్పుడు అంత దూరం పోతుంది. మనుషులు తక్కువ కదా అని వెళ్తాం, తీరా చూస్తే వినిపించేది ఎక్కువ.

బయటి దేశాల్లో ఈ తగువు ఎప్పుడో మొదలైంది, దారులూ దొరికాయి. మోడల్ విమానాల మోత మీద బ్రిటన్ 1982లోనే ఒక నియమావళి తెచ్చింది. 7 మీటర్ల దూరంలో 82 డెసిబెల్స్ దాటకూడదని లెక్క పెట్టింది. యూరప్ ఆర్‌సీ రేసుల్లో నైట్రో కారుకు ఆమోదం పొందిన సైలెన్సర్, గాలి పీల్చేచోట మోత తగ్గించే డబ్బా ఉండాల్సిందే. అక్కడివాళ్లు హాబీని ఆపలేదు, దానికో కొలత పెట్టారు.

ఎండిన చెరువు మైదానం కాదు

అరగంట అయ్యాక మా వాడు మాట ప్రకారం ఆపేశాడు. కారు బురదగుంటలో పడ్డ పందిపిల్లలా ఎర్రగా అయిపోయింది. వాడి మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇంత దూరం వచ్చాం కదా అని భైరవానితిప్ప వైపు బయల్దేరాం.

గుమ్మఘట్ట మండలానికి పేరు తెచ్చింది ఈ ప్రాజెక్టే. అందరూ బీటీపీ అంటారు. వేదవతి నది మీద కట్టారు. ఇక్కడివాళ్లకు అది హగరి. పైన కర్ణాటకలో ఇదే నది మీద 1907 నాటి వాణీ విలాస సాగర్ ఉంది. అది నిండి పొర్లితే కిందికి నీళ్లు. పొర్లడం ఎంత అరుదంటే, 1933 తర్వాత మళ్లీ 2022లోనే. 89 ఏళ్లు! అందుకే బీటీపీ నీళ్లతో కళకళలాడిన ఏడాది ఇక్కడ పండగ లెక్క. కృష్ణా నీళ్లను హంద్రీ–నీవా మీదుగా జీడిపల్లి నుంచి ఇక్కడికి తేవాలన్నది ఈ ప్రాంతం చాలాకాలంగా పెట్టుకున్న ఆశ.

నీళ్లు తగ్గిన ఏడాది ఇలాంటి జలాశయం అడుగు చూస్తే ఆర్‌సీ డ్రైవర్‌కు చేతులు దురద పెడతాయి. పగుళ్లు తీసిన ఒండ్రు, దాని మీద గడ్డి, ఎటు చూసినా చదును. కానీ అది ఖాళీ మైదానం కాదు. తడి ఉన్నన్నాళ్లు పశువులు మేస్తాయి. గుంటల్లో మిగిలిన నీటికి పక్షులు దిగుతాయి. అసలు అది సాగునీటి శాఖ స్థలం, అడగకుండా దిగకూడదు.

హగరి వెంట ఇంకా కిందికి, బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వైపు వెళ్తే ఇసుక దిబ్బలు కనిపిస్తాయి. రీల్స్‌లో చూస్తే రాజస్థానేమో అనిపిస్తుంది. గాలికి ఆ ఇసుక కదిలి పొలాల మీద మేటలు వేస్తుంది. అక్కడ పట్టుకుని ఉన్న నాలుగు మొక్కలే రైతుకు రక్ష. చక్రాలతో వాటిని పీకితే మనకు పోయేదేం లేదు, ఇసుక పడేది వాళ్ల చేలో. ఇటు ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగళ్లలో కృష్ణజింకలు తిరుగుతాయి. మన రాష్ట్ర జంతువు అదే. వాటి వెంట కారు పరిగెత్తించి వీడియో తీద్దామనుకుంటే అది సరదా కాదు, వన్యప్రాణి చట్టం కింద కేసు.

మరి కుర్రాళ్లు ఎక్కడ ఆడుకోవాలి?

ఇదీ అడగాల్సిందే. ప్రతి ఆదివారం ఎవరూ వంద కిలోమీటర్లు రాలేరు కదా. ఊళ్లలో వద్దనేవాళ్లు చోటు కూడా చూపించాలి. ఎగ్జిబిషన్ గ్రౌండ్ లాంటి స్థలం వారానికి రెండు గంటలు ఇస్తే చాలు. ఎలక్ట్రిక్ కార్లకే అనుమతి, పొద్దు వాలకముందే ఆపాలి, ఇళ్లకు ఇన్ని మీటర్ల దూరం అని ముందే రాసుకోవచ్చు. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ యాప్ పక్కాగా చెప్పకపోయినా మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఇస్తుంది. “గోల” అన్న మాటకన్నా “ఇక్కడ 52 చూపిస్తోంది” అన్న మాటతో తగువు త్వరగా తెగుతుంది.

గుమ్మఘట్ట లాంటి చోటికి వచ్చేవాళ్లకు కొన్ని సంగతులు. జూన్, జులైలో వానపడితే వేరుశనగ విత్తనం పడుతుంది. అప్పటి నుంచి కోతలయ్యేదాకా చేలలో అడుగు పెట్టొద్దు. కోతలయ్యాక వేరుశనగ కట్టె వాములు వేసి ఉంటాయి. ఏడాది పొడవునా పశువులకు అదే మేత. ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి నైట్రో ఊసే వద్దు. లిథియం బ్యాటరీని ఎండలో, మూసిన కారులో వదలొద్దు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జ్ చేయొద్దు. వెంట ఒక డబ్బా ఇసుక ఉంచుకోండి.

అన్నిటికన్నా ముందు, నేల ఎవరిదో అడగండి. ఎవరిదీ కాదంటే ఎవరు మేపుకుంటున్నారో అడగండి. ఎంతసేపు తిప్పుతారో మీరే ముందు చెప్పండి. చెప్పిన టైముకు ఆపండి. ఆ రోజు మేం ఆపిన పది నిమిషాలకు తాత గొర్రెలను నీళ్లకు తోలుకొచ్చాడు. దాటిపోతూ మా వాడితో ఒకటే మాట అన్నాడు.

“మల్లా వచ్చేటప్పుడు మద్దేన్నం రాండప్పా. ఆ పొద్దుకు జీవాలు చెట్టు కింద పండుకోనుంటాయి.”